బు చాబెకి సెలవు లేదు

"చూడు పిన్నీ, దాని నవ్వు చూడు! పళ్లే గానీ కళ్లు నవ్వుతున్నాయా?"

లస్త్రి ఫోను తెచ్చి పాయినెమ్ మొహం ముందు పెట్టింది. తెర మీద బు చాబె, అంటే మిరపకాయమ్మ, మూకుడులో ఎర్రటి సంబల్, అదే రొయ్యల కారప్పచ్చడి, తిప్పుతూ అమ్మ చేతి రుచి గురించి తియ్యగా చెబుతోంది.

పక్కింటి పాయినెమ్ ఉల్లిపాయలు ఒలుస్తూ విసుక్కుంది. "మొగుణ్ణి వద్దనుకుని వచ్చేశావు కదే. ఇంకా దాన్ని చూడందే నీకు ముద్ద దిగదా?"

"దిగదు" అంది లస్త్రి.

నిజంగానే దిగేది కాదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం బు చాబె వచ్చే వేళకి పని ఆపేసి కూర్చునేది. వీడియో అవగానే, వేరే పేరుతో కింద రాసేది. 'దీనికి ఉప్పేదో చక్కెరేదో తెలీదు.' 'పుట్టాక ఒక్క మిరపకాయ కొరికి ఎరగదు.' బాగా ఒళ్లు మండిన రోజున 'ఇది అసలు మనిషే కాదు' అని రాసింది.

జనం పగలబడి నవ్వారు. 'కుళ్లుమోతుదానా, చేతనైతే నువ్వూ ఒక వీడియో పెట్టు' అన్నారు.

ఆ సంబల్ లస్త్రి చేతిది. సెమరాంగ్‌లో వాళ్ల సందులో మొదలై ఊరంతా పాకింది. దానికి బు చాబె అని పేరు పెట్టి, వీడియోలు తీసి, ఫోనుల్లోకి ఎక్కించింది మాత్రం మొగుడు హెందార్తో. గిరాకీ పెరిగేకొద్దీ వాడికి ఆత్రం పెరిగింది. రోజూ వీడియో ఉండాలన్నాడు. తర్వాత రోజుకి మూడన్నాడు. ఆఖరికి, నూనె పైకి తేలేదాకా వేయిస్తూ కూర్చోకుండా సీసాలకి ఎత్తేయమన్నాడు. లస్త్రి గరిటె వాడి కాళ్ల దగ్గర విసిరికొట్టి బయటికొచ్చేసింది. పేరూ, కొనేవాళ్లూ, పాత వీడియోలూ, మూకుళ్లూ అన్నీ వాడికే మిగిలాయి.

నెల తిరక్కుండానే తెర మీదికి ఈ బు చాబె వచ్చింది.

ఒకసారి తట్టుకోలేక వాడి దుకాణానికే వెళ్లింది.

"దాన్ని తీసెయ్" అంది గుమ్మంలోనే.

హెందార్తో కుర్చీలోంచి లేవలేదు. "ఎందుకు తియ్యాలి? నీకు జ్వరం వస్తే వీడియో బంద్. మీ నాన్న పోతే వారం బంద్. నాతో గొడవపడితే మొహం మాడ్చుకుని కూర్చునేదానివి. దీన్ని చూడు, ఒక్క పూట మానదు. జలుబు కూడా చెయ్యదు."

"ఎదురు చెప్పదు కాబోలు."

"చెప్పదు. రాసిచ్చింది పొల్లుపోకుండా చెబుతుంది. పైగా నీకంటే పదేళ్లు చిన్నగా ఉంటుంది." వాడు పళ్లికిలించాడు. "కుర్రాళ్లు కూడా కొంటున్నారు."

లస్త్రి వాడి టేబుల్ మీదున్న సీసా తీసి నేలకేసి కొట్టింది. వాడు నవ్వుతూనే చీపురు అందుకున్నాడు.

ఆ వారంలోనే పాయినెమ్ ఎలా ఉందో చూద్దామని ఒక సీసా కొంది. లస్త్రి మూత తిప్పగానే బుస్సుమంది. పులిసిన రొయ్యల కంపు కొట్టింది.

"పిన్నీ, ఇది నాలిక్కి తగిలించకు" అని సీసా లాక్కుని మురిక్కాలవలో పారేసింది.

ఆ రోజు మాత్రం తిట్లు రాయలేదు. 'దయచేసి ఇది తినకండి, పిల్లలకి అసలు పెట్టకండి' అని రాసింది. హెందార్తో నిమిషంలో దాన్ని చెరిపేశాడు. మళ్లీ రాసింది. మళ్లీ చెరిపాడు. తర్వాత ఆ పేరు మీద ఇక రాయడానికే వీల్లేకుండా చేశాడు.

పది రోజులు గడిచాయి. ఒక ఇంట్లో సున్నతి విందుకి ఆ సంబల్ వడ్డించారు. తెల్లారేసరికి పిల్లలూ పెద్దలూ ఆస్పత్రి వరండాలో చాపల మీద పడి ఉన్నారు. ఊరు అట్టుడికిపోయింది. హెందార్తో దుకాణానికి తాళం వేసి పారిపోయాడు.

అంత జరిగినా, మధ్యాహ్నం కాగానే బు చాబె ఎప్పటిలాగే వచ్చింది. ఎప్పటిలాగే నవ్వింది. "మా అమ్మ చేతి రుచి, మీ పిల్లల కోసం" అంది.

అక్కడే జనానికి ఒళ్లు మండిపోయింది. 'సిగ్గులేనిదానా, పిల్లలు చావుబతుకుల్లో ఉంటే పళ్లికిలిస్తావా?' 'ఎక్కడుంటావో చెప్పు, వస్తాం' అని వేలమంది విరుచుకుపడ్డారు. లస్త్రి ఒక్కో తిట్టూ పాయినెమ్‌కి చదివి వినిపించింది. ఇన్నాళ్లూ తను ఒక్కతే అన్నమాట ఇప్పుడు ఊరంతా అంటోంది.

"పిల్లల మాట ఏమైందో ముందు కనుక్కోవే" అంది పాయినెమ్.

"గండం గడిచిందిట పిన్నీ. ఇక దాని పని అయిపోయింది."

మర్నాడు లస్త్రి జుట్టు దువ్వి, పెట్టెలో మూలపడి ఉన్న మంచి బట్టలు తీసి కట్టుకుంది. మొగుణ్ణి వదిలాక సందు దాటిందంటే మొహానికి మాస్కు పెట్టుకునేది. ఆ రోజు సంతోషంలో దాని ఊసే మరిచిపోయింది. చేపల బజారులో తాజా రొయ్యలు బేరమాడుతుంటే వెనకనుంచి ఎవరో జుట్టు పట్టి గుంజారు.

ముప్పై ఏళ్ల ఆడమనిషి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. చేతికి ఆస్పత్రి వాళ్లు కట్టిన పట్టీ ఇంకా అలాగే ఉంది.

"నా కొడుక్కి విషం పెట్టి, ఇక్కడ రొయ్యలు కొంటున్నావా?" అని లస్త్రి మొహం మీద ఉమ్మేసింది.

బజారంతా మూగింది. ఎవరో చెప్పు తీశారు.

"నేను కాదు" అంది లస్త్రి. ఒక్కరూ నమ్మలేదు.

ఎలా నమ్ముతారు? హెందార్తో ఆ పాత వీడియోలన్నీ కంప్యూటరుకి మేపి పుట్టించిన బు చాబెకి అతికించింది, పదేళ్ల వయసు చెరిపేసిన లస్త్రి మొహాన్నే.