గోడకున్న ఉబ్బు

నుసి కాదు. నూలు నుసే తన లేజర్ పెట్టె అద్దానికి పట్టి ఉంటే అది మరమగ్గాన్ని ఎప్పుడు పడితే అప్పుడు ఆపాలి. రోజూ మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి, గడియారం చూసుకున్నట్టు ఆపడమేమిటి? ఆపి పావుగంట మొండికేసి, ఆనక దానంతటదే దారికి రావడమేమిటి? అదురు కూడా కాదు, అదురుకు కింద రబ్బరు వేశాడు. అంటే తప్పు తనలోనే ఉంది. అందరి కళ్ల ముందూ ఉండి ఎవరికీ కనిపించని తప్పేదో...

టప్పున సాంచె ఆగింది.

"సూడు సారూ, సూడు!" మిగిలిన ఏడు మరమగ్గాల చప్పుడును మించి అరిచాడు కార్ఖానా ఆసామి ఓదెలు. "ఒక్క పురుగన్న ఉన్నదా ఆడ?"

మహిపాల్ చూశాడు. సాంచె వెనక, బెల్టు తిరిగే సందులో, తను నేల మీద గీసిన పసుపు గీత లోపల ఎవరూ లేరు.

"మనిషి వస్తే ఆగాలె నీ డబ్బ. మనిషి లేనప్పుడు ఆగుతాంది. గిదేం సదువయ్యా?"

నూలు కండెలు చుడుతున్న చంద్రవ్వ చెయ్యి ఆపకుండానే నవ్వింది. "దానికి దయ్యం కనవడుతాందేమో. ఒక నిమ్మకాయ గట్టుండ్రి ఆసామీ."

"దయ్యం గియ్యం నాకెర్క లేదు. ఇయ్యాల్టితోటి సరి. ఇంకొక్కపారి ఉత్తగ ఆగిందంటే పీకి నీ సంచిలనే ఏస్త సారూ."

ఓదెలు ఊపిన కుడిచేతికి మూడే వేళ్లున్నాయి. మిగతా రెండూ ఆ బెల్టు తినేసింది. అందుకే అతను పదకొండు రోజులు ఓర్చుకున్నాడు. సిరిసిల్లలో ఇంకే కార్ఖానా వాళ్లూ మహిపాల్‌ను గడప లోపలికి రానివ్వలేదు.

టిఫిన్ క్యారియర్ అంత ఉన్న లేజర్ పెట్టెను చాయ్ గ్లాసంత చేయడానికి కోరుట్లలోని అద్దె గదిలో మహిపాల్‌కు మూడేళ్లు పట్టింది. ఈ సందుల్లో అంతకన్నా పెద్దది పట్టదు. అడుగు ఎత్తున కంటికి కనిపించని కిరణం తిప్పుతూ అది చుట్టూ ఉన్న ప్రతిదాని దూరమూ కొలుస్తుంది. గీత దాటి ఏది వచ్చినా సాంచెను ఆపుతుంది. మొదటి రోజు మనసులో పెట్టుకున్న గోడ తన చోట కనిపించకపోయినా, తన చూపే తప్పిందనుకొని ఆపుతుంది.

మూడేళ్లలో అతను ఎక్కువగా మాట్లాడింది దానితోనే. ఈ పదకొండు రోజుల్లో మనుషులు అతనితో మాట్లాడింది సాంచె ఆగినప్పుడే. ఆగితే బాగుండునని తను లోలోపల ఎదురుచూస్తున్నాడేమోనని ఒకసారి అనుమానం వచ్చి, సిగ్గుపడ్డాడు కూడా.

లాప్‌టాప్ తెరిచి మొదటి రోజు లేజర్ గీసిన గది బొమ్మ తీశాడు. ఆ రోజు సాంచెలన్నీ ఆపించి, "అందరు బయటికి పోండ్రి!" అని గట్టిగా అరిచి, అందరూ వెళ్లాక పట్టిన బొమ్మ. దాన్ని వందసార్లు చూశాడు, అంకెల కోసం. ఇవాళ గోడ గీతను చూశాడు. నిటారుగా వచ్చిన గీత చివర, తలుపు దగ్గర, పక్కపక్కన రెండు చిన్న ఉబ్బులు. నూలు బస్తాలు అనుకున్నాడు ఇన్నాళ్లూ. తలెత్తి చూస్తే అక్కడ బస్తాలు లేవు. ఖాళీ స్టూలొకటి ఉంది.

"ఈ స్టూల్ మీద ఎవరు కూసుంటరు?"

"ఎవ్వలు కూసోరు," అన్నాడు ఓదెలు. "జానీమియా కూసుంటడు."

"ఆయనెవరు?"

"గీ సాంచె నడిపినోడే. సప్పుడుకు చెవులు వోయినయి. ఆరేండ్లాయె మాన్పించి. ఇంట్ల ఎవ్వలు లేరు, తలుపు తీసే యాళ్లకే వచ్చి గోడకు కూసుంటడు. ఉలుకడు, పలుకడు. ఆయనతోని మనకేం అడ్డం లేదు."

"నేను చూడనే లేదు."

"రోజు ఆయన ముంగట్నే, గీత ఇవుతల, సంచి పెడుతవు గద సారూ!" అంది చంద్రవ్వ. "నమాజుకు వోయిండు, అస్తడు."

మహిపాల్ మళ్లీ తెర మీది రెండు ఉబ్బులను చూశాడు. అవి కాళ్లు. బయటికి పొమ్మని తను అరిచిన అరుపు ఆ చెవులకు చేరలేదు. ముసలాయనతో కలిపి గోడను గుర్తుపెట్టుకుంది యంత్రం. ఆయన లేచి వెళ్లిన ప్రతిసారీ గోడలో ముక్క పోయిందని ఆపింది. ఆయన లేడని ఈ కార్ఖానాలో కనిపెట్టింది అదొక్కటే.

జానీమియా టోపీ మడుచుకుంటూ వచ్చాడు. మహిపాల్ సైగ చేయగానే స్టూలు ఎత్తుకున్నాడు. జరగడం అలవాటైన మనిషిలా ఉన్నాడు.

"అడ్డమున్ననా బేటా? మాఫ్ చెయ్యి." అని స్టూలుతో సహా గడప బయటికి పోయి నిలబడ్డాడు.

ఉత్త గోడను మళ్లీ బొమ్మ పట్టి, సాంచె నడిపించాడు మహిపాల్. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఆగలేదు.

"గిప్పుడు సదువుకున్నోని పని లెక్కున్నది," ఓదెలు భుజం తట్టాడు. "మిగిలిన ఏడింటికి గూడ పెట్టు సారూ."

ఎవరికైనా చెప్పాలనిపించి మహిపాల్ ఫోన్ తీశాడు. పేర్లు పైకీ కిందికీ జరిపాడు. ఏ పేరు దగ్గరా వేలు ఆగలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

బయట ఒక్కడికే పొద్దుపోనట్టుంది, జానీమియా స్టూలు పట్టుకుని లోపలికి వచ్చాడు. పసుపు గీత దాటి, తన చోట వేసుకుని, గోడకు ఆనుకున్నాడు.

టప్పున సాంచె ఆగింది.

"మల్లేమైంది!" ఓదెలు గిర్రున తిరిగి, గోడ వైపు నేరుగా చూశాడు. "ఎవ్వలు లేరు గదా ఆడ!"

"మనిషున్నడు," అని మహిపాల్ గీత దాటి వెళ్లి, ముసలాయన చెయ్యి పట్టుకుని లేపి, స్టూలు తెచ్చి గీతకు ఇవతల తన పక్కన వేశాడు.