పటం యాడుండాది?

"ఈడ ఇంకేమీ లేదప్పా. గోడలుండాయి, నేనుండా," అన్నాడు ఈరేశ్. బళ్ళారి కంటోన్మెంట్‌లోని పాత దస్తావేజుల ఆఫీసుకు అతను కాపలాదారు.

రామసుబ్బా గడియారం చూసుకున్నాడు. సంస్థానం నాటి తారానగర్ ఊరిపటం నకలు మధ్యాహ్నం మూడింటికల్లా సండూరులో తహసీల్దారు ముందు పెట్టాలి. రామసుబ్బా చేనికి పోయే బండిబాట ఉన్నది ఆ ఒక్క పటంలోనే. అది చూపకపోతే బాటకు అడ్డంగా పక్క చేనివాడు వేసిన కంచె ఖాయమైపోతుంది; కోతకొచ్చిన జొన్న చేలోనే రాలిపోతుంది. ఇక వాయిదా ఇచ్చేది లేదని తహసీల్దారు ఖండితంగా చెప్పేశాడు కూడా.

అసలే అమావాస్య. ఆ రోజు రామసుబ్బా సొంత బండి ఎక్కడు. సర్కారు బస్సుకు మాత్రం ఆ దోషం అంటదట; ఎవరు చెప్పారని అడిగితే కసురుతాడు. కిక్కిరిసిన బస్సులో తారానగర్ నుంచి నిలబడి వస్తే ఇక్కడ ఇదీ సంగతి.

ఆఫీసు తోరణగల్లుకు మారుతోందనీ, కట్టలన్నీ నిన్న సాయంత్రమే లారీకెక్కాయనీ ఈరేశ్ చెప్పాడు. ఇంకేముంది, వచ్చిన దారినే మళ్లీ బస్సు. తోరణగల్లు కొత్త భవనంలో ఖాళీ బీరువాలు నోళ్లు తెరుచుకొని ఉన్నాయి. అక్కడి గుమస్తా "ఇన్నూ బందిల్ల" అన్నాడు. ఇంకా రాలేదట. అక్కడేమో వెళ్లిపోయాయంటారు, ఇక్కడేమో రాలేదంటారు. మధ్యలో కాగితాలకు రెక్కలొచ్చాయా? పాపం, రామసుబ్బా బెంచీ మీద కూలబడితే జేబులోని తాళాలగుత్తి తొడకు గుచ్చుకుంది. విసుగ్గా దాన్ని పక్కకు జరుపుకున్నాడు.

అధికారి అనుపమ కూడా పొద్దుటి నుంచీ ఆ లారీ కోసమే చూస్తోందట. పటం అందులోనే ఉందనీ, రాగానే నకలు తీసిస్తాననీ ఓదార్చింది. డ్రైవరే ఫోన్ ఎత్తడం లేదట.

రామసుబ్బాకు ఒళ్లు మండింది. "నాకూ లారీలుండాయమ్మా. ఆ యవ్వారమంతా మా పిల్లోడు విక్రమ్ చూసుకుంటాడు. మా డ్రైవరు ఇట్ల చేసింటే ఆ పొద్దే ఇంటికి పంపించింటి. ఏ బుద్ధిలేనోడి బండి మాట్లాడినారో ఏమో. చంకలో పిల్లను పెట్టుకోని ఊరంతా ఎతికినట్లుండాది మీ కత."

అనుపమ ముఖం చిన్నబోయింది. మరోసారి ఫోన్ కలిపి, ఆయనకూ వినబడాలని స్పీకర్ నొక్కింది. ఈసారి ఎత్తాడు.

"యాడుండావప్పా? ఈడ పెద్దాయన పటం కోసం కాచుకోనుండాడు."

"ఏం చెప్పల్లో తెలీక ఫోను ఎత్తలేదు మేడమ్," అంది అవతలి గొంతు. ఎక్కడో విన్న గొంతులా ఉందే అనుకుంటూ రామసుబ్బా ముందుకు వంగాడు.

"రాత్రి పొద్దుపోయిందని బండి తెచ్చి మా ఓనరు ఇంటి ముందర, తారానగర్‌లో నిలబెట్టినా. తెల్లారి లేచి చూస్తే, ఈ దినం అమాస, ఒక్క చక్రం కూడా కదలగూడదని మా ఓనరప్ప బండికి నిమ్మకాయలు కట్టి, తాళాలన్నీ జేబులో ఏస్కోని బళ్ళారి బస్సెక్కినాడు."