ఐదో మనిషి

శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఐదుగురు లేకపోతే జట్టే లేదు. ఆ మాట కాలేజీ డీన్ కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు.

“నలుగురితో బాస్కెట్‌బాల్ ఎవరాడతారు మేవిస్? పోటీల్లోంచి పేరు వెనక్కి తీసుకుందాం. మీ బస్సు రోడియో జట్టుకి ఇచ్చేస్తా. వాళ్ళకి కనీసం గుర్రాలున్నాయి.”

కోచ్ మేవిస్‌కి ఒళ్ళు మండింది. మండి మాత్రం ఏం లాభం? క్రిస్మస్ సెలవుల్లో ఇద్దరు వెళ్ళిపోయారు. కియానా, రేలిన్. జట్టుకి కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ వాళ్ళే. మిజులా నుంచి పెద్ద యూనివర్సిటీ వాళ్ళొచ్చి ఎగరేసుకుపోయారు. అమెరికాలో ఈ మోంటానా మైదానంలో ఆదివాసీ తెగవాళ్ళు నడుపుకునే ఇంత చిన్న కాలేజీ నుంచి అంత దూరం వెళ్ళారని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మేవిసే. తర్వాత ఇంటికెళ్ళి ఏడ్చింది. ఇక మిగిలిన ఆరుగురిలో ఒకమ్మాయి నెల తప్పింది. ఇంకో అమ్మాయి మంచు మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

ఉన్న నలుగురూ ఆ బంతి కోసమే కాలేజీ మొహం చూస్తున్నారు. బంతి ఆగిందంటే చదువూ ఆగుతుంది. ఎక్కడివాళ్ళు అక్కడ, సోఫాల్లో, ఫోన్లలో, ఇంకా చెడ్డ వాటిలో కూరుకుపోతారు. అలా పోయినవాళ్ళని మేవిస్ చాలామందిని చూసింది.

అందుకే వారమంతా ఊరి మీద పడింది. కిరాణా కొట్లో కాస్త పొడుగ్గా కనిపించిన ప్రతి పిల్లనీ ఆపింది. కాలేజీలో పేరు రాయించుకుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటానంది. ఒకమ్మాయి కాసినోలో రాత్రి డ్యూటీ అంది. ఇంకొకామె మా వాడు ఒప్పుకోడంది. పెట్రోలు బంకులో ఆరడుగుల పిల్లని చూసేసరికి మేవిస్‌కి ప్రాణం లేచొచ్చింది.

“నాకు బంతంటే భయం కోచ్. సరాసరి మొహం మీదకొస్తుంది” అందా పిల్ల.

శుక్రవారం మధ్యాహ్నానికి ఒక్క గుమ్మం మిగిలింది. కియానా వాళ్ళిల్లు. ఆ ఇంటి వెలుగుని తనే బయటికి పంపించి, మళ్ళీ అదే గడప తొక్కడానికి మేవిస్‌కి ఇన్నాళ్ళూ మొహం చెల్లలేదు.

కియానా అమ్మమ్మ ఎడ్నా పొయ్యి దగ్గర నూనెలో రొట్టెలు వేయిస్తోంది. వెనక్కి తిరక్కుండానే పలకరించింది.

“ఒకదాన్ని ఊరు దాటించావు. ఇప్పుడు ఇంకోదాని కోసం వచ్చావా?”

“అవునత్తా.”

“సిగ్గు లేదూ?”

“ఉన్నదంతా ఈ వారంలో ఖర్చయిపోయింది. డార్సీని పంపు అత్తా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“పట్టుకోకు. అసలే నొప్పులు.”

డార్సీ అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఉంది. బడి వంటశాలలో పని ముగించుకుని అప్పుడే వచ్చింది. జుట్టుకి కట్టుకున్న వల కూడా ఇంకా తియ్యలేదు. ఆ మాటలతో తనకేం సంబంధం లేనట్టు ఒక కాగితాన్ని ఉండ చుట్టి, తల తిప్పకుండానే విసిరింది. అది వంటిల్లంతా దాటి అవతలి మూల చెత్తబుట్టలో పడింది. ఆ మణికట్టు విరుపు అచ్చం కియానాదే.

“చూశావా అత్తా?”

“చూడకేం. ఆ పిచ్చి వదిలించడానికే కదా నా తలప్రాణం తోకకొచ్చింది. ఇది ఆటకి పోతే చిన్నవాళ్ళిద్దరికీ సాయంత్రం తిండి ఎవరు పెడతారు? దీనికి మోకాలొకటి సరిగ్గా లేదాయె. అయినా కాలేజీ ఏమిటి, హైస్కూలే పూర్తి చెయ్యలేదు ఇది.”

“పోయిన వేసవిలో హైస్కూలుకి సమానమైన పరీక్ష కట్టి పాసయింది. మా కాలేజీలోనే రాసింది.”

ఎడ్నా చేతిలో గరిటె ఆగింది.

“నాకు చెప్పలేదేమే?”

డార్సీ బల్ల మీద లేని మరకని గోటితో గీకుతూ కూర్చుంది. తర్వాత మేవిస్ వైపు తిరిగింది.

“కియానా ఆడిన చోట నన్ను నిలబెడతారా కోచ్? జనం నవ్వుతారు.”

“నవ్వనీ. రెండు బుట్టలు పడితే వాళ్ళే నోళ్ళు మూసుకుంటారు.”

“కియానా నవ్వితే?”

మేవిస్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“అది వద్దంటే నేను రాను” అంది డార్సీ. “దానికి తలవంపులు తెచ్చే పని ఏదీ చెయ్యను.”

గోడ గడియారంలో నాలుగు దాటింది. మేవిస్ ఫోన్ తీసి కియానాకి కలిపి, స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టింది. కాదంటే ఇక పోవడానికి గుమ్మం లేదు. అవతల జిమ్‌లో బంతులు నేలకి కొడుతున్న చప్పుడు. మేవిస్ ఏమీ దాచలేదు. నీ చోటు, నీ నంబరు, ఇక్కడ జట్టు బతకడానికి ఇదొక్కటే దారి, నువ్వు ఊఁ అంటేనే, అని గబగబా చెప్పేసింది.

అవతల బంతి చప్పుడు ఆగింది. ఎడ్నా పొయ్యి కట్టేసింది. డార్సీ జుట్టు వల లాగేసి పిడికిట్లో నలుపుతోంది.

“అక్కడే ఉందా? వింటోందా?” అంది కియానా.

“ఇక్కడే ఉంది. చెప్పు.”

“నేను కడుపున పడ్డానని నువ్వు మానేసిన ఆటే కదమ్మా, నా జెర్సీ వేసుకుని వెళ్ళి ఆడు.”