మూడు పాయలు

జడ వేయడం పూర్తయ్యేసరికి యామిని కనుబొమలు నుదుటి మీదికి ఎక్కాయి.

"నాయనా, కండ్లు మూతపడల్యా" అంది ఏడేళ్ళ యామిని.

"బిగువుగా ఉంటేనే నిలిచేది" అన్నాడు ధనుంజయ, తెగిన పట్టుపోగును అతికినంత శ్రద్ధగా రిబ్బను ముడేస్తూ.

ధర్మవరంలో అతనికి సొంత మగ్గం ఉంది. వేల పోగులు అతని మాట వింటాయి. కూతురి తలమీది మూడు పాయలు మాత్రం వినవు.

మమతతో విడాకులై రెండేళ్ళు. ఆమె హిందూపురంలో ఉద్యోగం చేసుకుంటోంది. ఇప్పుడు కూతుర్ని తనకిమ్మని పెనుకొండ కోర్టులో కేసు వేసింది. వాయిదా దగ్గర పడుతోంది.

"ఏమప్పా, అది బిడ్డ తలా, మగ్గమా?"

గుమ్మంలో ఎవరో పెద్దావిడ. చేతిలో సంచి, ముఖాన నవ్వు.

"హిందూపురం నుంచి వస్తాండా. మా కొడుకు పెండ్లి. కోడలికి ముహూర్తం చీర నేయించాల."

అతను రంగులు చూపించాడు. ఆమె యామిని తల చూసింది.

"ఇట్ల రా తల్లీ." జడ మొత్తం విప్పేసింది. "చిక్కు కిందినుంచి తీసుకుంటా పైకి పోవాలప్పా. నువ్వు పైనుంచి పీకుతాండావు. మెడకాడ వదులు, కిందికి పోయేకొద్దీ బిగువు. చూడు."

ధనుంజయ చూశాడు. చీర కొనడానికి వచ్చినవాళ్ళ దగ్గర పాఠం నేర్చుకోవడం అతనికి కొత్త.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆమె ప్యాసింజరు దిగి వచ్చేది. చీర ఎంతవరకు వచ్చిందో చూడాలనేది. మగ్గం వైపు ఒక్కసారి చూసి, మిగతా పూటంతా యామిని దగ్గర కూర్చునేది.

"రాత్రి ఏం తిన్న్యావు తల్లీ?"

"సంగటి, ఊరుబిండి."

"పొద్దున?"

"ఊరుబిండి, సంగటి."

మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న ధనుంజయకు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాతి ఆదివారం పచ్చడి పక్కనపెట్టి పప్పు చేశాడు, బెండకాయ తాళింపు కూడా చేశాడు. ఆవేళ ఆమె అడగనే లేదు.

యామినికి ఆమె 'హిందూపురం అవ్వ' అయిపోయింది.

పక్కింటి యల్లక్కకు మాత్రం ఈ రాకపోకలు మింగుడు పడలేదు.

"ఊరినిండా చీరల అంగళ్ళుండాయి. ఆయమ్మకు నీ మగ్గమే దొరికిందా? ఏం తిన్న్యావు, యాడ పండుకున్న్యావు అని చీర నేయించుకునేవాళ్ళు అడుగుతారా యాడన్నా?"

"ఏమంటావు యల్లక్కా?"

"అనేదేముండాది! మమత పంపిన మనిషే. రేపు కోర్టులో బోనెక్కి, ఈ బిడ్డకు రెండుపూటలా ఊరుబిండే గతి అని చెప్తాది చూడు."

ఆ మాట ధనుంజయ మనసులో చిక్కుపడింది. కిందినుంచి తీసినా రాలేదు.

చీర అయిపోయింది. కుంకుమరంగు చీర, ఆకుపచ్చ అంచు, అంచు పొడుగునా తల తిప్పి వెనక్కి చూసే చిలకలు. మడతపెట్టి దేవుడి ముందు ఉంచాడు. ముహూర్తం చీరకు కొంగు చివర పసుపు పెట్టి, కొన్నవాళ్ళ చేతికివ్వడం వాళ్ళింటి ఆనవాయితీ.

ఆ ఆదివారం ఆమె వచ్చేసరికి అతను తర్వాతి చీర మీద ఉన్నాడు. ఒక పోగు తెగింది. మగ్గం ఆపాడు. చప్పుడు ఆగగానే వసారాలోంచి ఆమె గొంతు వినిపించింది.

"మీ అమ్మ దగ్గరికి వచ్చేస్తావా తల్లీ?"

గుంటలో ఉన్నవాడికి లేవడమే ఒక పని. కాళ్ళు పైకి లాక్కుని వసారాలోకి వచ్చేసరికి, యామిని ఆమె చెవిలో ఏదో చెప్పడం అయిపోయింది. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

ధనుంజయ చీర తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పసుపు పెట్టలేదు.

"చూడాల్సిందంతా చూసినావు కదా. పోయి చెప్పుకో పో. ఇంగొకసారి ఈ గడప తొక్కొద్దు."

ఆమె చీర సంచిలో పెట్టుకుంది. మెట్టు దిగుతూ యామిని వైపు ఒకసారి చూసింది.

"జడ బాగా వేసినావప్పా ఈపొద్దు."

మళ్ళీ రాలేదు.

వాయిదా నాడు పెనుకొండ కోర్టు వరండాలో ధనుంజయ యామిని చెయ్యి వదలకుండా నిలబడ్డాడు. హిందూపురం అవ్వ ఏ స్తంభం చాటునుంచి వస్తుందోనని చూస్తూనే ఉన్నాడు.

లాయరే వచ్చాడు. "ఇంటికి పోప్పా. మమత కేసు వెనక్కి తీసుకునింది. సెలవుల్లో బిడ్డను పంపిస్తే చాలంట."

వెనకాలే మమత వచ్చింది. వంగి కూతురి జడ చేతిలోకి తీసుకుంది. మెడ దగ్గర వదులు. కింద బిగువు.

ధనుంజయకు ఉండబట్టలేదు. "నీ సాక్షి యాడ?"

"ఏ సాక్షి?"

"హిందూపురం నుంచి పంపినావే, ఆయమ్మ."

"నేనెవర్నీ పంపల్యా. నాకు చెప్పకుండా తానే వచ్చిండాది. యామినిని పిల్చుకపోదామని ఆశపడి, ఇంట్లో చిన్న మంచం కూడా కొనిపెట్టింది. ఆ మంచం మీదే కూర్చుని చెప్పింది, బిడ్డను ఆడే ఉండనీ అని. మొదట నేను ఒప్పుకోల్యా."

"మళ్ళెట్ల ఒప్పుకున్న్యావు?"

మమత జడ వదిలింది. "అమ్మ దగ్గరికి వస్తావా అని అడిగితే యామిని ఏమనిందో చెప్పింది. 'నాయనకు ఇప్పుడిప్పుడే జడ వేసేది వస్తాంది అవ్వా, నేను పోతే మర్చిపోతాడు' అనిందంట."

ధనుంజయ యామిని వైపు చూశాడు. యామిని రిబ్బను సరిచేసుకుంటోంది.

"అట్లాంటి మనిషిని గడప తొక్కొద్దన్న్యా. ఎవరామె?"

మమత సంచిలోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. కుంకుమరంగు చీర. అంచునిండా వెనక్కి చూసే చిలకలు.

"పైనెల పెండ్లి" అంది తల వంచుకుని. "పసుపు పెట్టకుండానే ఇచ్చినావంట, నీ చేత్తోనే పెట్టించుకొని రమ్మనింది మా అత్త."