కుండలో చెయ్యి

"సమ్మయ్యా, మన కుండల ఎవరో చెయ్యి పెడుతున్నరు."

నాగక్క మాటకు, ఆరాధన గంట కొట్టబోతున్న సంఘపెద్ద సమ్మయ్య ఆగిపోయాడు.

"ప్రార్థన ఇంటి కుండలనా? ఏంది అక్కా గా మాట!"

"పోయిన వారం గింజలు ఇవి. నువ్వే జూడు." చాట ముందుకు జరిపింది.

బియ్యం ఎక్కడో ఒక గింజ. మిగతావన్నీ సామలు.

టేకులపల్లి దాటి అడవిలోకి పోతే వచ్చే ఆ పల్లెలో, విశ్వాసుల ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఓ గుప్పెడు దేవుడి పేర తీసి పక్కన పెడుతుంది. ఆదివారం వాటిని తెచ్చి, గుమ్మం పక్కనున్న కుండలో చెయ్యి లోపలికంటా పెట్టి వదులుతుంది. ఎవరెంత వేశారో ఎవరికీ కనబడకూడదని కుండ మూతికి గుడ్డ కప్పి ఉంటుంది.

ఆ గింజలు నాగక్కకు. సువార్త చెబుతూ ఊళ్ళు తిరిగిన ఆమె భర్త జ్వరంతో పోయిన నాటి నుంచి ఆమెకు అదే ఆధారం.

అది ఎనభై ఏడు నాటి కరువు. ఇంట్లో కూతురు మార్త పచ్చి బాలింత. తల్లి కడుపులో ఇంత గంజి పడితేనే బిడ్డకు పాలు.

నాగక్క తెల్లారగట్లే ప్రార్థన ఇంట్లో మోకరించి గొంతెత్తి అడిగేది. "ప్రభువా, ఈ వారం గింజలు నువ్వే చూడాలె. నాకు ఇంకెవరున్నరు?"

దేవుడి మీద ఆమెకు నమ్మకం కొండంత. మనుషుల మీద ఆవగింజంత కూడా లేదు.

"మనోళ్ళు ఏసేది బియ్యం. ఎవడో బియ్యం తీసుకొని సామలు పోస్తున్నడు" అని తేల్చేసింది.

ఆరాధన కాగానే అందరిలో అడిగేసింది కూడా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేదెవరో చూద్దామని ఆమె ఎత్తు.

ఆడవాళ్ళంతా ఒక్కసారే తలలు దించుకున్నారు.

'మంచోళ్ళు పాపం, దొంగతనం మాటకే సిగ్గుపడుతున్నరు' అనుకుంది నాగక్క.

అయితే బయటివాడే. వాగవతలి పోడు గుడిసెల నుంచి కట్టెలమోపుతో పోయే ఓ ముసలాయన ఆ గుమ్మం దగ్గర ఆగడం ఆమె కంటబడింది. లోపలికి రాడు. దండం పెట్టడు. దొంగచూపులు చూస్తాడు. అనుమానానికి ఇంకేం కావాలి?

మరుసటి ఆదివారం గంట కొట్టకముందే వెళ్ళి తలుపు చాటున నిలబడింది.

ముసలాయన వచ్చాడు. మోపు దించాడు. అటూ ఇటూ చూసి, మోచేతి దాకా కుండలో చెయ్యి పెట్టాడు.

"దొరికినవ్ దొంగా!"

నాగక్క ఆ చెయ్యి పట్టి బయటికి లాగింది. అరచేతికి సామలు అంటుకొని ఉన్నాయి.

కేక విని సమ్మయ్య పరుగెత్తుకొచ్చాడు. ముసలాయన నడుముకున్న మూట విప్పించాడు. అందులోనూ సామలే.

"బియ్యం ఏడ దాసినవ్? చెప్పు!"

ముసలాయన మూట నాగక్క వైపు చాపాడు. "గివి నీయే బిడ్డా. తీస్కో."

"ఇన్నవా అక్కా? తన నోటితోనే ఒప్పుకున్నడు!" సమ్మయ్య ఆయన మెడ పట్టి మెట్టు దింపాడు. "ఇంకోసారి ఈ గుమ్మం తొక్కితే కాళ్ళిరుగుతయ్."

ముసలాయన మోపెత్తుకొని పోయాడు.

నాగక్క ఆ సామలు కుండలో కుమ్మరించి, ఆరాధన కాగానే కుండ ఖాళీ చేసి గింజలు ఇంటికి తీసుకుపోయింది. దొంగను పట్టిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

తర్వాతి ఆదివారం ఆడవాళ్ళంతా వచ్చారు. ఒక్కొక్కరే కుండలో చెయ్యి పెట్టి తీశారు. ఈసారి తెల్లటి బియ్యమే ఉంటాయని నాగక్క సంబరపడింది. ఆరాధన కాగానే చాట పట్టి కుండ బోర్లించింది.

ఒక్క గింజ రాలలేదు.

సమ్మయ్య భార్య బావురుమంది. "మా ఇంట్ల బియ్యం ఎప్పుడో ఒడిసినయి అక్కా. ఉత్త గుప్పిట పెట్టి తీస్తున్న. మిగతోళ్ళు ఏస్తున్నరు గదా అనుకున్న."

"నేను గూడ గట్లనే అనుకున్న" అంది పక్కనామె. మిగతావాళ్ళు మళ్ళీ తలలు దించుకున్నారు.

నాగక్క చాట అక్కడే వదిలి వాగు దాటింది.

ముసలాయన గుడిసెకు కంప అడ్డం వేసి ఉంది. పక్క గుడిసె ముసలమ్మ బయటికొచ్చింది.

"ప్రార్థన ఇంటి బిడ్డవు గదా? ముసలయ్య కోసమా? మిరపకాయలు ఏరే కూలికి ఎర్రుపాలెం దిక్కు పోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"వచ్చి ఏం జల్లుతడు? విత్తనానికని దాసిన సామలన్నీ మీ కుండలనే పోసె."

నాగక్క "మా దేవుణ్ణి నమ్ముకున్నడా?" అని అడిగింది.

"లే. కట్టెలకు పోతుంటే నీ ప్రార్థన ఇనబడేదట." ముసలమ్మ బోసినోటితో నవ్వింది. "'ఆ బిడ్డ దేవుడు ఈ అడవికి కొత్తోడు, దారి తెల్వక ఆలిస్యమైతున్నడేమో, ఆయన వచ్చేదాక నేను జూస్త' అనెటోడు."