అంటించిందెవరు?

ఊరంతా చచ్చిపోయే ఆ నలుపు తెలుపు సినిమాని పత్రికలన్నీ నెత్తిన పెట్టుకున్నాయి. రుమ్యానా ఒక్కతే తన సమీక్షలో ఉతికి ఆరేసింది. సినిమా చివర్లో ప్రతి తలుపు మీదా, ఆ ఇంట్లో పోయినవాళ్ల ఫొటోతో చావు కాగితం ఉంటుంది. తను ఉండే రూసే ఊళ్లో ఎవరు పోయినా తలుపుకి అంటించే కాగితమే. "అందరూ పోయాక వీటిని అంటించిందెవరు? దర్శకుడికి ఆమాత్రం తట్టలేదా?" అని రాసి పంపింది.

రాత్రి పదకొండింటికి ఎడిటర్ ఝివ్కో ఫోన్ చేశాడు.

"భలే ఏకిపారేశావు! నీ ప్రశ్నే హెడ్డింగు పెట్టేశాను. అవునూ, ఆ చప్పుడేంటి?"

"మెట్ల దగ్గర ఎవరో బ్రష్షుతో జిగురు పూస్తున్నారు. కింది ముసలాయన పోయినట్టున్నాడు, పాపం."

ఫోన్లో ఝివ్కో వైపు నుంచి కూడా అదే తడి బ్రష్షు చప్పుడు వినిపించింది.

"ఝివ్కో?"

కింది అంతస్తులో చప్పుడు ఒక్కో తలుపు దగ్గరా ఆగుతూ పైకొచ్చింది. ఎదురింటి తలుపు మీద కాసేపు వినపడింది. ఎవరొచ్చినా మొరిగే ఆ ఇంటి కుక్క అరవలేదు.

తర్వాత రుమ్యానా తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

"అమ్మా, మీది ఏ ఫొటో పెట్టమంటారు?"