చెత్త వేయువారికి సన్మానం

"శాలువ కప్పుతరా, గంప కుమ్మరియ్యాల్నా?"

నెత్తి మీద నిండు చెత్తగంపతో మొగిలవ్వ ఊరి చౌరస్తాలో నిలబడి అరిచింది. సరిగ్గా పంచాయతీ వాళ్లు కొత్తగా పాతిన బోర్డు కిందే. తలకు నున్నగా నూనె రాసుకుంది, పెట్టెలోంచి తీసిన పట్టంచు చీర కట్టుకుంది. చెత్త పోయడానికి అంత ముస్తాబై వచ్చిన మనిషిని ఆ ఊరు ఇంతవరకు చూడలేదు.

పంచాయతీ కార్యదర్శి స్రవంతి పరుగున వచ్చింది.

"అవ్వా, నీకు దండం పెడ్త. జర గంప అవుతల పెట్టు. తనిఖీ సార్లు బోయినపల్లి దాటిండ్రట. ఇయ్యాల గీడ కాయితం ముక్క కనవడ్డా మన ఊరికి అవార్డు రాదు."

"నాకేం ఎరుక బిడ్డా? బోర్డు మీద ఉన్నదే అడుగుతున్న. సదువు."

స్రవంతి చదవలేదు. మీటింగు కోసం మైకుసెట్టు బిగిస్తున్న రిజ్వాన్ ఊరుకుంటాడా? మైకులోనే చదివేశాడు.

"ఇచ్చట చెత్త వేయువారికి డప్పు చప్పుళ్లతో ఘనంగా సన్మానము చేయబడును. కావున ప్రజలందరు సహకరించగలరు. ఇట్లు, సర్పంచ్ మహిపాల్."

చౌరస్తా గొల్లున నవ్వింది. కల్లుకు పోయేవాళ్లు ఆగారు, బస్సుకు పోయేవాళ్లు ఆగారు. పనీపాటా ఉన్నవాళ్లు కూడా లేనట్టే నిలబడ్డారు.

ఇస్త్రీ మడత నలగని తెల్ల అంగీతో సర్పంచ్ మహిపాల్ గుంపును తోసుకుంటూ వచ్చాడు. బోర్డు మీది మాటలు ఆయన సొంత బుర్రలోంచి ఊడిపడ్డవే.

"పెద్దవ్వా, గది ఇజ్జత్ తీసుటానికి రాసినం. సిగ్గుపడి ఎవ్వలు చెత్త పొయ్యరని."

"సన్మానానికి సిగ్గేంది కొడుకా? రిటైరైన సారుకు కప్పితివి. కొత్త కారు కొన్నోనికి కప్పితివి. నేనేం పాపం జేసిన?"

"అది కాదే..."

"మరి సహకరించుండ్రని ఎందుకు రాస్తివి? సహకరించుటానికే అచ్చిన."

అంతలో గంప ఓ పక్కకు ఒరిగింది. రెండు కోడిగుడ్డు డొల్లలు జారాయి. స్రవంతి అమాంతం వంగి వాటిని దోసిట్లో పట్టుకుంది. ఈలలే ఈలలు!

"జీపు! జీపు అచ్చింది!" ఎవరో కేక పెట్టారు.

"సార్, కప్పేద్దాం సార్" అంది స్రవంతి ఏడుపు గొంతుతో. "లేకుంటే గంప దించుతది."

చెప్పుకోవాలి మరి, అవసరం వస్తే మహిపాల్ బుర్ర భలే పరుగెడుతుంది.

"రిజ్వాన్, బోర్డుకు అడ్డంగ స్వాగతం బ్యానర్ కట్టు! డప్పు కొట్టుండ్రా! పెద్దవ్వా, నువ్వు గంప దించకు, గట్లనే నిలవడు. ఊరంత తిరిగి చెత్త ఏరి సాఫ్ జేసే ఆదర్శ మహిళవని సారుకు చెప్త."

"శాలువ కప్పుతరు గదా?"

"సారు చేతుల మీదనే కప్పిపిస్త!"

డప్పులు మోగాయి. కుర్రాళ్లు దుమ్ము లేచేలా చిందేశారు. జీపు దిగిన పెద్దసారు నెత్తిన గంపతో నిలబడ్డ మొగిలవ్వను చూసి అక్కడే ఆగిపోయాడు. మహిపాల్ చేతులు కట్టుకుని ఆదర్శ మహిళ కథంతా వినిపించాడు. ఆరితేరిన హరికథకుడు కూడా అంత బాగా చెప్పలేడు. సారు కరిగిపోయాడు. తనకోసం వేములవాడ నుంచి తెప్పించిన శాలువను అందుకుని స్వయంగా మొగిలవ్వ భుజాల మీద కప్పాడు.

"ఇలాంటి తల్లి ఊరికి ఒక్కరుంటే చాలు. అవార్డులు వాటంతట అవే వస్తాయి" అన్నాడు.

ఊరంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది మహిపాలే. మొగిలవ్వ ముఖం వెలిగిపోయింది. శాలువ అంచును వేళ్లతో తడిమి తడిమి చూసుకుంది. ఆమె సంబరం చూసి స్రవంతికి కూడా కళ్లు చెమ్మగిల్లాయి.

సన్మానం అన్నాక రెండు మాటలు మాట్లాడటం ఆనవాయితీ. రిజ్వాన్ మైకు తెచ్చి అవ్వ నోటి దగ్గర పెట్టాడు. మహిపాల్ అడ్డం పోబోయాడు గానీ, "మాట్లాడనివ్వండి" అన్నాడు పెద్దసారు.

మొగిలవ్వ గొంతు సవరించుకుంది. సన్మానం పొందిన పెద్దలందరూ మాట్లాడినట్టే ఎంతో వినయంగా మొదలుపెట్టింది.

"గీ సన్మానం నాకు దక్కేది కాదు సారూ, మా సర్పంచ్‌కు దక్కాలె. గంపల ఉన్న చెత్తంత గాయిన ఇంటిదే, దినాం గోడ మీద నుంచి నా వాకిట్ల పోస్తడు."